ఉమ్మడి నెట్టు చెడగొట్టడం ఎలా? కమిటీ పెద్దలకు సలహాలు

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. అది ఎలా పుచ్చిందో, ఎవరెవరు ఏమేం చేసి పుచ్చబెట్టారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఇంటర్నెట్టు విషయంలో ఆ లోటు ఉండకూడదని ఈ సలహాలు. ఊరంతా చందాలు వేసుకుని, సొంతంగా తీగలు లాక్కుని, డాబాల మీద యాంటెన్నాలు బిగించుకుని, నెలనెలా ఖర్చు పంచుకుంటూ నడుపుకునే నెట్‌వర్క్ ఒకటి మీ ఊళ్ళో మొదలైందనుకోండి. లేదా మొదలుపెడదామని నలుగురు కుర్రాళ్ళు టీకొట్టు దగ్గర అనుకుంటున్నారనుకోండి. మీరు ఆ కమిటీలో పెద్దమనిషి. ఏం చేస్తే అది త్వరగా మూలనపడుతుందో కింద చెప్పాను. అన్నీ చేయనక్కర్లేదు. శ్రద్ధగా చేస్తే రెండు మూడు చాలు.

చెవిన పడనివ్వకూడని కథలు

స్పెయిన్ దేశం కాటలోనియా ప్రాంతంలో గుర్బ్ అని ఒక చిన్న ఊరు ఉంది. 2004లో ఆ చుట్టుపక్కల పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం టెలిఫోన్ కంపెనీకి గిట్టుబాటుగా కనిపించలేదు. రామోన్ రోకా అనే కంప్యూటర్ ఇంజనీరూ ఇరుగుపొరుగువాళ్ళూ ఊరుకోవచ్చు కదా! మామూలు వైఫై పెట్టెలకు యాంటెన్నాలు తగిలించి, పక్క పట్నం విక్ నుంచి గాల్లోనే లింకు లాక్కున్నారు. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి, ఆ గుట్ట నుంచి ఈ గుట్టకి పాకి అది గిఫీ నెట్ అయింది. ఇవాళ దానికి 35 వేలకు పైగా నోడ్లున్నాయి. తర్వాత ఫైబరూ వేసుకున్నారు. వాళ్ళు రాసుకున్న ఒప్పందం మరీ ప్రమాదకరం. పరికరం కొన్నవాడిదే, కానీ ఉమ్మడి వలలో కలిపాక ఎవరి ట్రాఫిక్‌నీ ఆపకూడదు. అది ఎలా నడుస్తోందో అడిగినవాళ్ళకి చూపించాలి. దాని మీద ఎవరైనా వ్యాపారం చేసుకోవచ్చు గానీ ఈ షరతులకు లోబడే చేసుకోవాలి.

ఇంగ్లండులో లాంకషైర్ రైతులది ఇంకో రకం పొగరు. 2011లో వాళ్ళు బార్న్ అనే సంఘం పెట్టుకుని, సొంత యంత్రాలతో పొలాల గుండా కాలువలు తవ్వి ఫైబర్ వేసుకున్నారు. తమ పొలంలోంచి కేబుల్ పోనిచ్చినందుకు రైతులు అద్దె అడగలేదు. తవ్వినవాళ్ళు ఆ కూలిని సంఘంలో వాటాలుగా రాయించుకునే వీలు పెట్టారు. మొదట్లో నెలకు 30 పౌండ్లకే సెకనుకు ఒక గిగాబిట్ వేగం! అప్పటికి పట్నంవాళ్ళకే లేని వేగం ఆవులు కాసుకునేవాళ్ళకి.

ఇలాంటివి వింటే మన రైతు కూడా 'మా బావమరిదికి జేసీబీ ఉంది కదా' అంటాడు. ఆ మాట అననివ్వకండి. 'విదేశాల సంగతి వేరు' అని ముందే అనేయండి. వేరు ఎలాగో ఎవరూ అడగరు.

ఆగమనండి, భయపెట్టండి

నెట్‌వర్క్ పుట్టకముందే పని ముగిస్తే మీకు శ్రమ తక్కువ. 'కంపెనీ వస్తోందట, ఆగుదాం' అన్న మాటకి తిరుగులేదు. కంపెనీ కాకపోతే సర్కారు. పంచాయతీలన్నిటికీ ఫైబర్ అని 2011లో కేంద్రం మొదలుపెట్టిన పథకం పేరు మార్చుకుని భారత్ నెట్ అయి, గడువులు జరుపుకుంటూ నడుస్తూనే ఉంది. ఆంధ్రలో ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాల మీద, తెలంగాణలో టీ ఫైబర్ తీగ భగీరథ నీళ్ళ గొట్టాల పక్కన. వాటిని చూపించి 'అన్నీ వాళ్ళే ఇస్తుంటే మనకెందుకు' అనండి. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ అక్కణ్ణుంచి ఇంటింటికీ ఎవరు పట్టుకెళ్ళాలి, చెడితే ఎవరు ఎక్కాలి అన్న ప్రశ్న రాకుండా చూసుకుంటే చాలు.

తర్వాత భయం. డబ్బు పుచ్చుకుని ఇంటర్నెట్ ఇవ్వాలంటే లైసెన్సు కావాలన్నది నిజమే. ఆ నిజం దగ్గరే ఆగిపోండి. సుమారు ఒక జిల్లాకి సరిపడే చిన్న లైసెన్సు ఉందని, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో పెద్ద భాగాన్ని 2018లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలారని, చిన్న కిరాణా కొట్టువాడు కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చని 2020 డిసెంబరులో కేంద్రం పీఎం వాణి పథకం పెట్టిందని చెప్పకండి. 'రేపు ఎవడో మన వైఫైలో వెధవ పని చేస్తే పోలీసులు వచ్చేది మన గుమ్మానికే' అనండి. ఈ భయానికి జర్మనీలో చట్టం అండ కూడా ఉండేది. దారినపోయేవాడికి వైఫై ఇస్తే వాడి తప్పుకి ఇచ్చినవాడే బాధ్యుడయ్యేవాడు. అక్కడ ఫ్రైఫుంక్ అనే ఉమ్మడి వైఫై ఉద్యమం సభ్యులు భయపడి మానేయకుండా తమ ట్రాఫిక్‌ను స్వీడన్ లాంటి దేశాల మీదుగా తిప్పి, చట్టం మార్చమని ఏళ్ళ తరబడి పోరి, 2017లో మార్పించుకున్నారు. అంత ఓపిక మన ఊళ్ళో లేదని నమ్మించడం మీ పని.

పాస్‌వర్డు ఒక్కరి జేబులో

సరే, మొదలైపోయింది. ఇక అసలు పని.

ప్రతి ఊళ్ళోనూ బీటెక్ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడు ఒకడుంటాడు. తెలివైనవాడు, మొహమాటస్థుడు. అతన్ని ఆకాశానికెత్తండి. అడ్మిన్ పాస్‌వర్డు, ఏ డాబా మీద ఏ పెట్టె ఉంది, ఏ కేబుల్ ఎటు పోతుంది, రౌటర్‌కి బ్యాటరీ ఎప్పుడు మార్చారు, ఇవన్నీ అతని తలలోనే ఉండాలి. కాగితం మీద పెట్టనివ్వకండి. పెడతానంటే 'ఎవడైనా దొంగిలిస్తాడు బాబూ' అనండి. ఇంకొకరికి నేర్పించనివ్వకండి. అమెరికాలో డెట్రాయిట్ పేటల్లో ఇరుగుపొరుగువాళ్ళకే తీగలు లాగడం, యాంటెన్నాలు బిగించడం, లెక్కలు రాయడం నేర్పి, వాళ్ళనే నెట్‌వర్క్‌కి కాపలా పెట్టారు. నేర్చుకున్నవాళ్ళలో జుట్టు నెరిసినవాళ్ళూ ఉన్నారు. అలాంటి దుబారా మనకొద్దు.

జీతం మాత్రం ఇవ్వకండి. 'సేవ' అనండి. అర్ధరాత్రి సిగ్నల్ పోతే ఫోన్ చేసి తిట్టండి, పండగనాడు శాలువా కప్పండి. కొన్నాళ్ళకి అతనికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తుంది. రావాలి కూడా, పెళ్ళీడు కదా. వెళ్ళేటప్పుడు పాస్‌వర్డు అడగడం అందరూ మర్చిపోతారు. తర్వాతి పిడుగుకి ఏదో ఒక పెట్టె పేలిపోతుంది, దాన్ని తెరవడం ఎవరికీ రాదు. మీ చేతికి మట్టంటలేదు.

మరమ్మతుల సంగతీ చూసుకోండి. వసూలైన డబ్బంతా ప్రారంభోత్సవానికి, శిలాఫలకానికి, డ్రోన్ వీడియోకి ఖర్చయిపోవాలి. బ్యాటరీలు మూడు నాలుగేళ్ళకి చస్తాయని, ఎర్తింగ్ సరిగా లేకపోతే మొదటి ఉరుముకే పోర్టులు కాలిపోతాయని, యాంటెన్నాలను కోతులు వదలవని తెలిసినవాళ్ళు చెబితే 'అప్పుడు చూద్దాం' అనండి. ధర్మశాల కొండల్లో ఎయిర్‌జల్దీ సంస్థ లింకులు వేసినప్పుడు కోతులు యాంటెన్నాలు పట్టుకుని ఊగేవి, కేబుళ్ళు కొరికేవి. వాళ్ళు పరికరాలను కోతిమూకకి తట్టుకునేలా బిగించుకోవడం నేర్చుకున్నారు. మన ఊళ్ళలో కోతులకు కరువు లేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో మీరు ఏమీ చేయకపోయినా పని అయిపోతుంది.

రెండో విడత

వైఫై లింకుకి ఆ యాంటెన్నాకి ఈ యాంటెన్నా కనబడాలి. మధ్యలో చింతచెట్టు గుబురుగా ఉంటే సిగ్నల్ చచ్చిపోతుంది. ఇది సాంకేతిక సత్యం. దీన్ని మించిన ఆయుధం మీకు దొరకదు.

మొదటి యాంటెన్నా ఊళ్ళోకెల్లా ఎత్తయిన డాబా మీద పెట్టాలి కదా. ఎత్తయిన డాబా ఎవరిదో మీకు తెలుసు. అక్కణ్ణుంచి చూస్తే ఎవరెవరి డాబాలు కనిపిస్తాయో కూడా తెలుసు. ఎస్సీ కాలనీ పల్లంలో ఉంటుంది, మధ్యలో చెట్టుంటుంది, లేకపోతే ఆ మధ్యనే కట్టిన కల్యాణమండపం ఉంటుంది. 'లైన్ ఆఫ్ సైట్ లేదు, రెండో విడతలో ఇద్దాం' అనండి. ఎవరినీ నొప్పించకుండా చెప్పొచ్చు, ఎందుకంటే చెప్పింది మీరు కాదు, ఫిజిక్సు. రెండో విడత అనే మాటకి ఇంకో సౌలభ్యం ఉంది. దానికి తేదీ ఉండదు. చందా మాత్రం మొదటి విడతలోనే వసూలు చేయండి.

కాలనీలో వాటర్ ట్యాంకు మీద ఒక చిన్న రిపీటర్ పెడితే సరిపోతుందని కుర్రాడు చెబుతాడు. ఖరీదు చెప్పకముందే మాట మార్చండి. కరెంటు లేదని సాకు చెప్పబోకండి, అది పనిచేయదు. దక్షిణాఫ్రికాలో మంకోసి అనే మారుమూల పల్లెలో కరెంటే సరిగా లేకపోతే, జెంజెలేనీ అనే సంఘంవాళ్ళు సోలార్ పలకల మీద వైఫై నడిపారు. 2014లో సహకార సంఘంగా రిజిస్టరు చేసుకున్నారు. ఆ బ్యాటరీల మీదే ఊరివాళ్ళ సెల్‌ఫోన్లు చార్జి చేసి పెట్టి నాలుగు డబ్బులు సంపాదించారు. ఎవరికైనా ఈ సంగతి తెలిస్తే మీ సాకు గోవిందా.

ఆడవాళ్ళను కమిటీలో వేసుకోండి, ఫొటోకి. పరికరాల గదిలోకి మాత్రం వద్దు. 'ఇదంతా టెక్నికల్ అమ్మా' అన్న వాక్యం కొన్ని తరాలుగా చక్కగా పనిచేస్తోంది. దానికి ఒకే ఒక్క చోట గట్టి దెబ్బ తగిలింది. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. రికార్డింగు వాళ్ళదే, ఎడిటింగు వాళ్ళదే, మాట్లాడేదీ వాళ్ళే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో అన్నమాట ఢిల్లీలో చాలామంది మర్చిపోయారు గానీ ఆ ఊళ్ళో మర్చిపోలేదు. మీ కమిటీని అటువైపు విహారయాత్రకి తీసుకెళ్ళకండి.

లెక్కల గురించి ఎక్కువ చెప్పను, మీకు వచ్చినదే. సహకార సంఘంలో వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. సర్కారు పెత్తనం లేకుండా అలాంటి సంఘాలు పెట్టుకోవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లోనే పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది, ఆ తరహా చట్టాల్లో దేశంలోనే మొదటిది. దాని జోలికి పోకుండా ఎవరెక్కువ పెడితే వాళ్ళకెక్కువ ఓట్లు అనండి. గిఫీలో ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారు, ఎవరు ఎంత వాడుకున్నారు అని పట్టిక వేసి, వాడకం ఎక్కువైన వ్యాపారి మిగతావాళ్ళకి కట్టే పద్ధతి ఉంది. మీరు పట్టిక దాకా వెళ్ళకండి. 'మనలో మనకి లెక్కలేంటి' అని ఒక్క మాట చాలు. ఆరు నెలల్లో మనలో మనకి పడదు.

తీగ వాళ్ళది, చిట్టా మీది

ఇవన్నీ చేసినా నెట్‌వర్క్ బతికి బట్టకట్టిందనుకోండి. కంగారుపడకండి. తీగలు ఊరివే కానివ్వండి, వాటిలో పారే వివరాలను మాత్రం ఊరి చేతిలోంచి జార్చేయండి. తీగ తెగితే ఊరంతా కేకలేస్తుంది. చిట్టా జారిపోతే ఒక్క ఇంట్లోనూ లైటు ఆరదు. అందుకే తెలివైనవాళ్ళు ఈ వైపు నుంచే వస్తారు.

దరఖాస్తు ఫారంతో మొదలుపెట్టండి. కనెక్షన్ ఇవ్వడానికి పేరు, ఇల్లు, ఫోన్ నంబరు, చట్టం అడిగిన గుర్తింపు కాగితం సరిపోతాయి. మీరు ఒక పేజీ పెంచండి. కులం, భూమి ఎంత, డ్వాక్రా అప్పు ఎంత, ఇంట్లో ఆడపిల్లలెందరు, వాళ్ళ వయసులు, షుగరుందా, బీపీ ఉందా. ఎందుకని అడిగితే 'ఫార్మాట్ పైనుంచి అలా వచ్చింది' అనండి. పైన అంటే ఎక్కడో మనవాళ్ళు అడగరు. చిన్నప్పటి నుంచి ఫారాలు నింపుతున్న జనం.

ఆ ఫారాలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. బ్యాకప్ ఉంటుంది.

ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు ఎవరు ఎప్పుడు కలిశారన్న రికార్డులు కనీసం రెండేళ్ళు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చారు. ఇది చట్టం, తప్పదు. కానీ చట్టం అడిగినంతే ఉంచి, గడువు తీరగానే చెరిపేసే కమిటీలు చాలా పిరికివి. మీరు ఇరవై ఏళ్ళు ఉంచండి. అడగనివి కూడా ఉంచండి. ఈ రోజుల్లో చాలా సైట్లు తాళం వేసే వస్తాయి కాబట్టి లోపల ఏం చదివారో రౌటర్‌కి తెలియదు. ఏ సైటుకి ఏ వేళకి వెళ్ళారో మాత్రం సాధారణంగా తెలుస్తుంది. అది చాలు కదా! ఎవరింటి ఫోన్ రాత్రి రెండింటికి అప్పుల యాప్ తలుపు తడుతోంది, ఏ కుర్రాడు పరీక్షల ముందు ఆటలాడుతున్నాడు, ఎవరు హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రి గురించి వెతుకుతున్నారు, ఏ కోడలు ఉద్యోగాల సైటు చూస్తోంది.

ఇక్కడ ఉమ్మడి నెట్టుకున్న సౌకర్యం పెద్ద కంపెనీకి కూడా లేదు. కాలిఫోర్నియాలో ఉన్న సర్వరుకి ఆ కోడలి గుట్టు తెలిసినా, ప్రకటనలు చూపిస్తుంది గానీ అత్తగారి చెవిలో వేయదు. మీ నెట్‌వర్క్‌లో ఆ చిట్టా చూసే మనిషి గోడ అవతలే ఉంటాడు, సాయంత్రం రచ్చబండ దగ్గరికి వస్తాడు. మనది కాబట్టి మంచిదే అని జనం నమ్ముతారు చూడండి, ఆ నమ్మకమే మీ పెట్టుబడి. 'మనవాడేగా చూసేది' అన్న మాట ఊరికి అలవాటు చేస్తే, అమ్మాయిలు తమంతట తామే నెట్టు వాడటం తగ్గిస్తారు. నిషేధించాల్సిన పని ఉండదు.

సమ్మతి గురించి రెండు మాటలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో నోటీసు ఇవ్వాలి. అది తెలుగులో కావాలంటే ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఇంత చాదస్తం ఎవరు పడతారు? గ్రామసభలో చివర్లో, భోజనాలకి లేచేముందు, 'అందరికీ సమ్మతమేనా' అని మైకులో అడగండి. చేతులు లేస్తాయి. మినిట్స్ పుస్తకంలో 'ఏకగ్రీవం' అని రాయండి. ఒకరి ఒంట్లో ఉన్న జబ్బు వివరం అందరి చేతులెత్తుడుతో ఎలా ఊరిదవుతుందని ఎవరైనా అడిగితే, ఆ మనిషి పేరు గుర్తుపెట్టుకోండి, రెండో విడతలో వేయండి.

కొందరు 'పేర్లు తీసేసి ఇద్దాం, అప్పుడు తప్పేముంది' అంటారు. వాళ్ళను ప్రోత్సహించండి. పేరు తీసేస్తే మనిషి మాయమవుతాడని పట్నంలో కూడా నమ్మకం లేదు, మూడొందల గడపల ఊళ్ళో అసలే కాదు. వయసు 34, టైలరింగు, ఇద్దరు ఆడపిల్లలు, భర్త గల్ఫ్‌లో, బీపీ మాత్రలు. ఇందులో పేరు లేదు. ఊళ్ళో ఎవరికి చదివి వినిపించినా పేరు వాళ్ళే చెబుతారు.

జాబితాకి జాబితా కలిపితే ఇంకా బలం వస్తుంది. నెట్టు బిల్లు కట్టినవాళ్ళ పట్టిక, కరెంటు మీటర్ల పట్టిక, బండి రిజిస్ట్రేషన్ల పట్టిక కలిపేస్తే ఎవరు పేదలో కాదో కంప్యూటరే తేల్చేస్తుందని ఎవరో ఒక తెలివైనవాడు ప్రతిపాదిస్తాడు. తెలంగాణలో 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వెళ్ళి చూడకుండా, ఇలాంటి కంప్యూటరు లెక్కతోనే రద్దు చేశారన్నది ఫిర్యాదు. 2022లో కోర్టు క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. మీకు పాఠం ఇదీ: కార్డు పోయినవాడు కోర్టు దాకా వెళ్ళడానికి ఏళ్ళు పడుతుంది, బటన్ నొక్కడానికి పట్టేది క్షణం. తప్పు ఎవరిదని అడిగితే 'సిస్టం' అనండి. సిస్టం ఇంటి అడ్రసు ఎవరికీ తెలియదు.

ఉచితంగా వచ్చేవాళ్ళు

ఊరి నెట్టు పేరు నలుగురికీ తెలిశాక బహుమతులు మొదలవుతాయి. ఉచిత కెమెరాలు, ఉచిత యాప్, పిల్లలకు ఉచిత ట్యాబ్లు. బదులుగా వాళ్ళడిగేది 'కొద్దిగా డేటా'. వద్దనకండి. ఒప్పందం ఇంగ్లీషులో ఉంటుంది, చివరి పేజీలో సంతకం పెట్టే చోటు ఎర్రపెన్నుతో గుర్తు పెట్టి ఉంటుంది. మధ్య పేజీలు ఎవరి కోసమో వాళ్ళే చదువుకుంటారు.

కొన్ని సైట్లు మాత్రం ఉచితం, మిగతా ప్రపంచం డబ్బులకి అనే బేరం కూడా రావచ్చు. ఆ బేరం మన దేశానికి ఫ్రీ బేసిక్స్ పేరుతో వచ్చినప్పుడు లక్షలాది మంది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఈమెయిళ్ళు రాసి గొడవ చేశారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి తేడా ధరలను నిషేధించింది. పేదల నోటికాడి కూడు తీశారని అప్పుడు వాదించినవాళ్ళ మాటలు మీకు ఇప్పటికీ పనికొస్తాయి, దాచుకోండి.

గొంతులకు కూడా ఇప్పుడు గిరాకీ ఉంది. యంత్రాలకు తెలుగు మాట్లాడటం నేర్పడానికి మన ముసలమ్మల కథలు, రైతుల మాటలు గంటల లెక్కన కావాలి. న్యూజిలాండ్‌లో తే హికు అనే మావోరీ రేడియో 2018లో పది రోజుల్లో తమ భాషలో 300 గంటలకు పైగా మాటలు జనం చేత చదివించి రికార్డు చేసింది. కొంటామని బయటి కంపెనీ వస్తే అమ్మనంది. ఇది మా సొత్తు కాదు, మేం కాపలాదారులం మాత్రమే, మా జనానికి మేలు చేసే పనికే ఇస్తాం అని లైసెన్సు రాసుకుంది. ఆ గొంతులతో మావోరీ మాటలు రాతలోకి మార్చే పనిముట్లు తనే తయారు చేసుకుంది. నాకు అర్థం కానిదల్లా ఒక్కటే, డబ్బు వద్దనే కమిటీకి ఫొటోలు ఎవరు తీస్తారు? మీరు మాత్రం గంటకి ఎంతో అడిగి, అమ్మమ్మల పేర్లు ఎక్కడో కృతజ్ఞతల పేజీలో వేయించండి. వాళ్ళకి చదవడం రాదు కాబట్టి ఖర్చు కూడా ఉండదు.

ఎన్నికల ముందు ఎవరో ఒకరు వచ్చి, 'ఫోన్ నంబర్లు మాత్రమే అన్నా' అంటారు. ఇచ్చేయండి. ఎదుటి పార్టీవాళ్ళు వస్తే వాళ్ళకీ ఇవ్వండి. తటస్థంగా ఉన్నట్టుంటుంది.

పెద్ద కంపెనీ వచ్చిన రోజు

మెక్సికోలో ఓహాకా రాష్ట్రం కొండల్లో తలేయా అని జపోటెక్ జనం ఊరు. జనాభా రెండున్నర వేలు. అంత చిన్న ఊరికి సెల్ టవరు గిట్టదని కంపెనీలు రాలేదు. 2013లో రైజోమాటికా అనే సంస్థ సాయంతో ఊరే చిన్న టవరు పెట్టుకుంది. నెలకి 15 పెసోలు. లైన్లు నిండిపోతున్నాయని ఊరి సభ కూచుని స్థానిక కాల్‌కి ఐదు నిమిషాలు హద్దు పెట్టింది. ఐదు నిమిషాల్లో అత్తగారి మోకాళ్ళ నొప్పి సంగతే పూర్తి కాదు, అయినా జనం ఒప్పుకున్నారు. నిర్ణయించింది వాళ్ళే కాబట్టి.

తర్వాత ఒక పెద్ద కంపెనీ అదే ఊరికి వచ్చింది. చాలామంది అటు వెళ్ళిపోయారు, ఊరి టవరు వెలవెలబోయింది. మీకు ఇది శుభవార్తలా కనిపిస్తుంది, కొంతవరకు నిజమే. ఉమ్మడి నెట్టుని ఓడించడానికి అన్నిసార్లూ కుట్ర అక్కర్లేదు, మెరుగైన సిగ్నలూ నాలుగు ఆఫర్లూ చాలు. కంపెనీ వచ్చిన రోజు మీ పాత్ర చిన్నది. 'ఇన్నాళ్ళు పడ్డ కష్టం చాలు' అని నిట్టూర్చండి, సంఘం యాంటెన్నాలు విప్పించి తుక్కు కింద అమ్మేయండి. ఒక్కటి కూడా మిగలనివ్వకండి. ధర పెంచిన రోజు తిరిగి బిగించుకోవడానికి ఏమీ ఉండకూడదు.

చిక్కల్లా చుట్టుపక్కల ఊళ్ళతోనే. తలేయాను చూసి మరికొన్ని ఊళ్ళు టవర్లు పెట్టుకున్నాయి. అందరూ కలిసి సంఘంగా ఏర్పడితే 2016లో ప్రభుత్వం వాళ్ళకి ఆదివాసీ సామాజిక వినియోగం కోసమని విడిగా లైసెన్సు ఇచ్చింది. స్పెక్ట్రం రుసుము కట్టమని నోటీసులొస్తే కోర్టుకెక్కారు. లాభం కోసం నడపని సంఘం కంపెనీలతో సమానంగా కట్టనక్కర్లేదన్న వాళ్ళ వాదన 2021లో ఆ దేశ సుప్రీంకోర్టులో గెలిచింది.

మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి విడిగా లైసెన్సు ఉంది. కమ్యూనిటీ ఇంటర్నెట్టుకి అలాంటిది లేదు. కావాలని అడుగుతూ మీ ఊరి కుర్రాళ్ళు అర్జీ తెస్తారు. కింద సంతకాల కోసం ఖాళీ వదిలి ఉంటుంది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పండి.